మహా కంఠము : లౌడ్‌స్పీకరు నిర్మాత పీటర్ జెన్సెన్ జీవితము

గ్రామసభ జరుగు రోజున పంచాయతీ కార్యాలయము ముందు మొట్టమొదట కనబడు వస్తువు మైకుసెట్టు. కుర్చీలు వేయకముందే వేపకొమ్మకు బాకా కట్టుదురు. "హలో, హలో" అని రెండు మూడు మారులు పలికి పరీక్షింతురు. సర్పంచి మాటలాడినను, అధికారి ఒక పథకమును వివరించినను, ఒక ముదుసలి తన పింఛను సంగతి నడిగినను, ఆ మాట ఆ యంత్రము ద్వారానే సభకు చేరును. పండుగకు, పెండ్లికి, ఎన్నికలకు, తుపాను హెచ్చరికకు కూడ అదియే సాధనము. అది లేని సభ నేడు మన ఊహకు అందదు. కాని అది ఎట్లు పుట్టినదో, ఎవరి శ్రమవలన మన ఊరి వేపచెట్టు వరకు వచ్చినదో తెలిసినవారు అరుదు.

లౌడ్‌స్పీకరు ఒక్కని సృష్టి కాదు. పలువురు పలు దేశములలో దానికొరకు పాటుపడిరి. వారిలో అగ్రగణ్యుడు డెన్మార్కు దేశమున పుట్టి అమెరికాలో స్థిరపడిన పీటర్ జెన్సెన్. ఆయన జీవితమును ఇచట సంగ్రహముగా తెలిసికొందము. ఒక విదేశీయుని కీర్తించుట మాత్రమే ఈ వ్యాసమునకు ఉద్దేశము కాదు. పెద్దగా అరచుటకై పుట్టినదని మనము తలచు ఈ యంత్రము నిజమునకు స్పష్టముగా వినుటకై పుట్టినది. ఈ సంగతి గ్రహించిన పంచాయతీ సభ్యుడు తన ఊరి సభను మరింత చక్కగా నడుపగలడు.

గొంతు చాలని కాలము

పూర్వము మన గ్రామములలో ఏ వార్తయైనను చాటింపు ద్వారా తెలియుచుండెడిది. డప్పు మ్రోగించుచు వీధి వీధికి తిరిగి, నాలుగు బజారుల కూడలిలో నిలిచి చెప్పెడివారు. వీధినాటకము లాడువారు తెల్లవార్లు గొంతెత్తి పాడెడివారు. పాశ్చాత్య దేశములలో వక్తలు లోహపు గరాటును నోటికి ఆనించుకొని మాటలాడెడివారు. ఎంతటి కంచుకంఠమైనను కొన్ని వేలమందికి మించి వినిపించుట దుర్లభము.

దీనికి కారణము ప్రకృతి ధర్మమే. ఆరుబయట ధ్వని నలుదిక్కులకు వ్యాపించుచు పలుచనగును. దూరము రెట్టింపైనచో ధ్వని తీవ్రత నాలుగవ వంతగును. దూరము మూడింతలైనచో తొమ్మిదవ వంతగును. వక్తకు పది అడుగుల దూరమున నున్నవానికి అందిన తీవ్రతలో, నూరడుగుల దూరమున నున్నవానికి నూరవ వంతు మాత్రమే అందును. ఆ కొలదిపాటి ధ్వని పిల్లల ఏడుపులో, గాలి హోరులో కలిసిపోవును.

1876లో గ్రాహంబెల్ టెలిఫోనునకు పేటెంటు పొందెను. దానివలన మాట మైళ్ల దూరము పోగలిగెను. కాని అవతల ఒక్కని చెవికి మాత్రమే వినబడెను. కంఠము పలువురకు వినబడును గాని దూరము పోదు. టెలిఫోను దూరము పోవును గాని పలువురకు వినబడదు. ఈ రెండు లోపములను ఒక్కసారిగా తీర్చు సాధనము కావలసియుండెను.

శిష్యరికము

డెన్మార్కు దీవులతో నిండిన చిన్న దేశము. అందు ఫాల్‌స్టర్ అను దీవిలో 1886 మే 16వ తేదీన పీటర్ జెన్సెన్ జన్మించెను. 1903లో ఆయన కోపెన్‌హాగెన్ నగరమున వాల్డెమార్ పౌల్సెన్ అను శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో పనికి చేరెను. అప్పటికి ఆయనకు 17 ఏండ్లు.

ఆ గురువు సామాన్యుడు కాడు. 1898లో ఉక్కుతీగపై మాటలను అయస్కాంత శక్తితో నిలుపు యంత్రమును నిర్మించి, 1900 సంవత్సరపు పారిస్ ప్రదర్శనములో లోకమునకు చూపినవాడు. తరువాతి కాలమున ఇంటింటికి వచ్చిన టేపురికార్డరునకు మూలపురుషుడు ఆయనయే. జెన్సెన్ చేరు నాటికి పౌల్సెన్ తీగలు లేకుండ మాటను పంపు ప్రయత్నములో నుండెను. విద్యుత్తు ఎడతెగక మెరయు ఆర్కు దీపము వంటి సాధనముతో ఎడతెగని తరంగములను పుట్టించి, వాటిపై మాటను ఎక్కించి పంపుటయే ఆ ప్రయత్నము. ఈ పనిలో యువకుడైన జెన్సెన్ తీగలు చుట్టుట, మరలు బిగించుట, దోషములు వెదకుట చేతులతో నేర్చుకొనెను. పుస్తకములు చెప్పని పాఠములు పనిబల్ల చెప్పెను.

1909లో అమెరికాకు చెందిన సిరిల్ ఎల్వెల్ అను ఇంజనీరు పౌల్సెన్ యంత్రమును తన దేశమున వాడుకొను హక్కులు సంపాదించెను. ఆ యంత్రములను నిలువబెట్టుటకు తెలిసినవారు కావలెను. కావున జెన్సెన్ అదే సంవత్సరమున సముద్రము దాటి కాలిఫోర్నియా రాష్ట్రమునకు వెళ్లెను. దేశము కొత్త, భాష కొత్త. అచట ఆయనకు ఎడ్విన్ ప్రిడం అను విద్యుత్ ఇంజనీరుతో స్నేహమేర్పడెను. ప్రిడం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున చదివినవాడు. ఒకరిది పనిబల్ల విద్య, మరొకరిది కళాశాల విద్య. ఈ రెండును కలిసినప్పుడే గొప్ప పని జరిగినది.

నాపా ఊరిలో చిన్న యిల్లు

1911లో ఈ మిత్రులిద్దరును ఒక ధనికుని పెట్టుబడి సహాయమున, ద్రాక్షతోటలకు పేరుపొందిన నాపా అను ఊరిలో ఒక చిన్న యింట ప్రయోగశాల పెట్టుకొనిరి. వారు మొదట తలపెట్టినది లౌడ్‌స్పీకరు కాదు. టెలిఫోనులో చెవికి ఆనించుకొను భాగమును బాగుచేయుటయే వారి సంకల్పము.

ఆ కాలపు టెలిఫోనులో ఒక పలుచని ఇనుప రేకును విద్యుదయస్కాంతము లాగుచు విడుచుచు ధ్వనిని పుట్టించెడిది. ఇనుపరేకు బిగువుగా నుండుటచేత కొన్ని స్వరములకు ఎక్కువగా, కొన్నిటికి తక్కువగా కదలెడిది. అందుచేత మాట ముక్కుతో పలికినట్లుండెడిది. జెన్సెన్, ప్రిడం వేరొక మార్గము త్రొక్కిరి. రేకును లాగుటకు మారుగా, ఒక తేలికయైన తీగచుట్టను బలమైన అయస్కాంతము యొక్క రెండు కొనల నడుమ ఉంచి, దానిని ఒక పలుచని పొరకు అతికించిరి. విద్యుత్తు ప్రవహించు తీగ అయస్కాంత క్షేత్రములో నున్నచో ఒక ప్రక్కకు నెట్టబడును. ప్రవాహము దిశ మారినచో రెండవ ప్రక్కకు నెట్టబడును. మాటయొక్క హెచ్చుతగ్గులను అనుసరించి విద్యుత్తు హెచ్చుతగ్గులు పొందును. తీగచుట్ట వాటి ననుసరించి ముందు వెనుకలకు కదలును. దానితో పొర కదలును. పొరతో గాలి కదలును. గాలి కదలికయే ధ్వని.

మన యింటి రేడియోలో, టెలివిజనులో, చేతిలోని సెల్‌ఫోనులో, గుడి గోపురముపైని బాకాలో సాధారణముగా నేటికిని పనిచేయునది ఈ కదలు తీగచుట్టయే. పాడైన స్పీకరు ఒకటి దొరికినచో విప్పి చూడుడు. వెనుక అయస్కాంతము, నడుమ సన్నని రాగితీగ చుట్ట, ముందు కాగితపు గరాటు కనబడును.

ఈ సూత్రము అంతకుముందే కొందరికి తట్టినది. జర్మనీలో వెర్నర్ సీమెన్స్ 1870 ప్రాంతపు దశాబ్దిలోను, ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ 1898లోను ఇట్టి నిర్మాణమునకు పేటెంట్లు పొందిరి. కాని వారి నాటికి దానిని నడుపదగిన విద్యుత్ సాధనములు లేనందున అది కాగితములపైననే నిలిచిపోయెను. సూత్రము కనుగొనుట ఒక పని. దానిని పదిమందికి పనికివచ్చు వస్తువుగా చేయుట మరొక పని. జెన్సెన్, ప్రిడంల గొప్పతనము ఈ రెండవ దానిలో నున్నది.

నిరాకరణము, క్రొత్త మార్గము

వారు చేసిన టెలిఫోను గ్రాహకములో మాట ఎంతో స్పష్టముగా వినబడెను. కాని టెలిఫోను సంస్థ దానిని స్వీకరింపలేదు. అది బరువైనది, దాని అయస్కాంతమునకు వేరుగ విద్యుత్తు కావలెను, చెవి దగ్గర పట్టుకొనుటకు అనువుగాదు. ఏండ్ల శ్రమ వ్యర్థమైనట్లు తోచెను.

ఇట్టి సమయమున పలువురు పని మానివేయుదురు. ఈ మిత్రులు మాత్రము తమ వస్తువులోని దోషమును మరల పరిశీలించిరి. చెవికి బరువైనది చెవి దగ్గర ఏల ఉండవలెను? దానిని దూరముగా నిలిపి, గ్రామఫోను బాకా వంటి దానిని తగిలించిన నేమగును? 1915లో ఆ పని చేసి చూచిరి. మాటలాడుటకు బొగ్గు పలుకులతో చేసిన మైక్రోఫోను నుంచిరి. ధ్వని తగిలినప్పుడు బొగ్గు పలుకులు నొక్కుకొని విద్యుత్తును ఎక్కువగా పోనిచ్చును. వదులైనప్పుడు తక్కువగా పోనిచ్చును. ఈ హెచ్చుతగ్గులను బ్యాటరీ బలముతో బాకాకు పంపిరి.

మొదట వినబడినది మాట కాదు; చెవులు చిల్లులుపడు కూత! బాకా ధ్వని మైకులో పడి, మైకునుండి మరల బాకాకు పోయి, మరింత పెద్దదై మరల మైకులో పడుచు ఒక వలయముగా తిరుగుటయే ఆ కూతకు కారణము. మన సభలలో నేటికిని ఈ కూత వినబడుచునే యున్నది. దానికి మందు కూడ ఆనాడే తెలిసినది: బాకాను మైకునకు దూరము చేయవలెను. వారు బాకాను ఇంటి కప్పుమీదికి చేర్చి, మైకును క్రింద ఉంచిరి. ఒకరు లోపల మాటలాడగా రెండవవారు బయట దూరముగా నడచిపోయిరి. దాదాపు ఒక మైలు దూరము వరకు మాట తెలియుచుండెను.

ఆ యంత్రమునకు వారు "మాగ్నవాక్స్" అను పేరు పెట్టిరి. అది లాటిను భాషాపదము. "మహా కంఠము" అని దాని యర్థము.

జనసమూహము నెదుట

1915 డిసెంబరు 24వ తేదీ, క్రిస్మసుకు ముందు రాత్రి, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున పురపాలక భవనము ముందు గొప్ప ఉత్సవము జరిగెను. సుమారు లక్షమంది జనులు కూడిరని ప్రతీతి. ఉపన్యాసములు, పాటలు ఈ మహాకంఠము ద్వారా వినిపింపబడెను. అంతటి సమూహము ఒక్కసారిగా ఒక్క గొంతును వినుట అద్భుతమైన విషయము.

ఆరు దినముల తరువాత, డిసెంబరు 30న, అదే నగరమున ఒక సభాభవనములో సమావేశము జరిగెను. రాష్ట్ర గవర్నరు హైరం జాన్సన్ అందు మాటలాడవలసియుండెను. కాని ఆయన జబ్బుపడి ఇల్లు కదలలేని స్థితిలో నుండెను. ఆయన యింట మైకు పెట్టి, తీగ ద్వారా సభాభవనములోని బాకాలకు కలిపిరి. గవర్నరు తన యింట చలిమంట ప్రక్కన కూర్చుండియే సభనుద్దేశించి మాటలాడెను. కంఠము మైళ్ల దూరము పోయినది, పలువురకు వినబడినది. టెలిఫోనునకు, కంచుకంఠమునకు ఉన్న రెండు లోపములును ఆనాడు తీరిపోయినవి.

1917లో మాగ్నవాక్స్ పేరిట సంస్థ ఏర్పడెను. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధములో అమెరికా ప్రవేశించియుండెను. విమానపు మోత నడుమ వైమానికుని మాట వినబడుట అసాధ్యముగా నుండెను. ఈ సంస్థ మోతను తొలగించు మైకు నొకదానిని తయారుచేసెను. దాని యుక్తి మెచ్చదగినది. మైకులోని పొరకు ముందు వెనుకల రెండు వైపుల తెరపి ఉంచిరి. దూరమునుండి వచ్చు మోత రెండు వైపుల సమానముగా తగులుటచేత పొర కదలదు. నోటికి దగ్గరగా నున్నవైపు మాట మాత్రమే బలముగా తగులును. కావున మాటయే అవతలికి పోవును.

పంచాయతీ సభ్యులు ఇచట ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. ధ్వనిని పెద్దది చేయుట మాత్రమే ఈ శాస్త్రజ్ఞుల పని కాదు. మోతలోనుండి మాటను వేరుచేసి వినుట కూడ వారి పనియే.

అధ్యక్షుని ఉపన్యాసము

యుద్ధము ముగిసిన తరువాత అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ నానాజాతి సమితిలో తన దేశము చేరవలెనని ప్రజలకు నచ్చజెప్పుటకు 1919 సెప్టెంబరు 3న రైలుయాత్ర బయలుదేరెను. అప్పటికి ఆయనకు 62 ఏండ్లు. ఆరోగ్యము సరిగా లేదు. సెప్టెంబరు 19న శాండియాగో నగరపు క్రీడా ప్రాంగణమున సుమారు 50 వేలమంది కూడిరి. వేదికపై ఒక అద్దపు గది వంటి దానిని నిర్మించి, అందు మాగ్నవాక్స్ పరికరములు అమర్చిరి. నలిగిపోయిన ఆ గొంతు ప్రాంగణమంతయు వినబడెను. అమెరికా అధ్యక్షుడొకడు ఇట్టి సాధనముతో ప్రసంగించుట అదియే ప్రథమమని చెప్పుదురు.

ఆ తరువాతి చరిత్ర కూడ తెలిసికొనదగినది. సెప్టెంబరు 25న ప్యూబ్లో నగరమున ప్రసంగించిన పిమ్మట విల్సన్ ఆరోగ్యము చెడి యాత్ర ఆగిపోయెను. అక్టోబరు 2న ఆయనకు పక్షవాతము వచ్చెను. అమెరికా సెనేటు ఒప్పందమును 1919 నవంబరు 19న ఒకమారు, 1920 మార్చి 19న మరొకమారు త్రోసిపుచ్చెను. ఆ దేశము నానాజాతి సమితిలో చేరనే లేదు.

యంత్రము మాటను 50 వేల చెవులకు చేర్చినది. ఒప్పించుట మాత్రము యంత్రము చేతిలో లేదు. ఎదుటివారి అభ్యంతరము లేమో విని, వాటికి సమాధానము చెప్పి, ఇచ్చిపుచ్చుకొను ధోరణితో నడచినప్పుడే ఒప్పుదల కుదురును. బాకా ఎంత పెద్దదైనను ఆ పని మనుష్యులే చేయవలెను.

మెరుగులు దిద్దినవారు, తరువాతి జీవితము

1920 తరువాత రేడియో ప్రసారములు వ్యాపించెను. బలహీనమైన విద్యుత్ సంకేతమును బలపరచు వాల్వులు వాడుకలోనికి వచ్చుటచేత లౌడ్‌స్పీకరుకు క్రొత్త జీవము కలిగెను. 1925లో అమెరికాకే చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అను ఇంజనీర్లు పొడవైన బాకా అక్కరలేకుండ, కాగితపు గరాటునే తీగచుట్టతో కదలించి స్పష్టమైన ధ్వని పుట్టించు విధమును ప్రకటించిరి. ఇంటి రేడియోలలో ఈ రకమే స్థిరపడెను. ఆరుబయట సభలకు మాత్రము బాకాయే నిలిచినది. తక్కువ విద్యుత్తుతో ఎక్కువ ధ్వనిని ఒక దిక్కునకు పంపుట బాకాకు గల గుణము.

జెన్సెన్ 1925లో మాగ్నవాక్స్ సంస్థను విడిచెను. తాను పుట్టించిన సంస్థను విడుచుట సులభము కాదు. ఐనను ఆయన కుంగిపోక 1927లో తన పేరిట స్పీకర్ల కర్మాగారము స్థాపించెను. అది చికాగో నగరమున వర్ధిల్లి, రేడియోలకు, సినిమాలకు, తరువాతి కాలమున విద్యుత్ గిటారులకు స్పీకర్లను సమకూర్చెను. 1943లో దానిని కూడ విడిచి, గ్రామఫోను ముల్లులు చేయు మరొక సంస్థను ప్రారంభించెను. 1961 అక్టోబరులో, తన 75వ ఏట, ఆయన మరణించెను. మూడుమారులు క్రొత్తగా ప్రారంభించిన జీవితమది.

మన ప్రాంతమునకు వచ్చిన విధము

మన కోస్తా, రాయలసీమ జిల్లాలు చెన్నరాజధానిలో నున్న కాలమున, 1930లో చెన్నపట్టణపు కార్పొరేషను రేడియో ప్రసారములు ప్రారంభించి, సముద్రతీరమున లౌడ్‌స్పీకర్లు పెట్టి ప్రజలకు సంగీతము వినిపించెను. ఇంట రేడియో లేని సామాన్యుడు ఇసుకలో కూర్చుండి వినగలిగెను. 1938 జూన్ 16న చెన్నపట్టణమున ఆకాశవాణి కేంద్రము, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమయ్యెను. పంచాయతీ కార్యాలయపు అరుగుమీద రేడియో పెట్టి ఊరివారందరును కలిసి వినుట ఆ దినములలో పెక్కు గ్రామములలో పరిపాటియైనది.

ఈ సందర్భమున 1956లో పూనా ప్రాంతమున జరిగిన ఒక ప్రయోగమును స్మరింపవలెను. ఐక్యరాజ్య సమితి విద్యా సంస్థయైన యునెస్కో సహాయమున ఆకాశవాణి సుమారు 150 గ్రామములలో శ్రోతల సంఘములను ఏర్పరచి, 20 కార్యక్రమములను ప్రసారము చేసెను. గ్రామస్థులు విని ఊరకుండలేదు. విన్న పిదప తమలో తాము చర్చించిరి. సందేహములను ఆకాశవాణికి వ్రాసిరి. వినుట, చర్చించుట, ఆచరించుట అను మూడు మెట్లను ఆ సంఘములు ఆశయముగా పెట్టుకొనెను. ఊరకే విన్నవారికంటె కూర్చుండి చర్చించినవారు ఎక్కువ విషయములు గ్రహించినట్లు ఆ ప్రయోగమువలన తేలినది. స్పీకరు ఒకవైపు మాత్రమే మాటలాడును. రెండవవైపు మాట పుట్టించుట సంఘము పని.

ఇందుకు విరుద్ధమైన దృష్టాంతము కూడ చరిత్రలో కలదు. 1930 తరువాత జర్మనీలో హిట్లరు లౌడ్‌స్పీకర్లను, రేడియోను ఉపయోగించి లక్షలమందిని తన మాట మాత్రమే వినునట్లు చేసెను. బదులు చెప్పువారికి మైకు లేదు. ఆ దేశమునకును, లోకమునకును కలిగిన వినాశము అందరెరిగినదే. ఒకే యంత్రము పూనాలో సంఘమును మేల్కొలిపినది. అచట నోళ్లు మూయించినది.

పంచాయతీలు గమనింపవలసినవి

మొదటిది: సభలో చివరి వరుసను పరీక్షింపవలెను. మైకు పరీక్ష వేదికమీదినుండి కాక, స్త్రీలు, వృద్ధులు కూర్చుండు చివరి వరుసలో ఒకరిని నిలువబెట్టి చేయవలెను. తీర్మానము చదివినప్పుడు వినబడనివాడు దానికి సమ్మతించినట్లు వ్రాయుట న్యాయము కాదు.

రెండవది: బాకాలను తలలకు పైయెత్తున, జనులవైపు తిప్పి కట్టవలెను. మైకు బాకాల వెనుక ఉండవలెను. అప్పుడు కూత రాదు. మాటలాడువాడు మైకునకు జానెడు దూరములో నుండి, నిదానముగా పలుకవలెను. దూరముగా నిలిచి ధ్వని పెంచుట కంటె దగ్గరగా నిలిచి ధ్వని తగ్గించుట మేలు.

మూడవది: ఒక్క పెద్ద బాకాతో ఊరంత అదరగొట్టుట కంటె చిన్నవి రెండు మూడు జనుల దగ్గర పెట్టుట మంచిది. కాని మిక్కిలి ఎడముగా పెట్టరాదు. ధ్వని క్షణమునకు సుమారు 340 మీటర్లు మాత్రమే పోవును. రెండు బాకాల నడుమ దూరము ఎక్కువైనచో ఒకే మాట ముందొకమారు, వెనుకొకమారు వినబడి గజిబిజి యగును.

నాలుగవది: మైకు సభలోనికి పోవలెను. ప్రశ్న అడుగువాడు లేచి నిలిచినప్పుడు మైకు వానిచేతి కందవలెను. సర్పంచి మాట నూరుమందికి వినబడి, కూలివాని ప్రశ్న పదిమందికే వినబడినచో సమాధానము సభకు చెప్పినట్లు కాదు.

ఐదవది: చట్టమును పాటింపవలెను. ధ్వని కాలుష్యమును గూర్చి 2000 సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము చేసిన నిబంధనల ప్రకారము లౌడ్‌స్పీకరు వాడుటకు అధికారినుండి వ్రాతపూర్వకమైన అనుమతి పొందవలెను. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటల వరకు బహిరంగ ప్రదేశములలో వాడరాదు. ప్రజలకు ఆపద కలిగినపుడు మాత్రము మినహాయింపు కలదు. పండుగలకు, ఉత్సవములకు రాత్రి 12 గంటల వరకు అనుమతించు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకు కలదు. అదియు సంవత్సరమునకు 15 దినములకు మించరాదు. నివాస ప్రాంతములలో ధ్వని పగలు 55, రాత్రి 45 డెసిబెల్ల పరిమితిలో నుండవలెనని ఆ నిబంధనలు నిర్ణయించినవి. నిశ్శబ్దతను కాపాడు హక్కు పౌరుని జీవించు హక్కులో భాగమని 2005 జూలై 18 నాటి తీర్పులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పినది. వినుటకు ఇష్టములేనివాని చెవిలో ధ్వనిని బలవంతముగా పోయు హక్కు ఎవరికిని లేదు. పరీక్షకు చదువు బాలిక, పురిటి మంచముపైని తల్లి, జ్వరపడిన ముసలివాడు కూడ పంచాయతీ పౌరులే. వారి తరపున మాటలాడవలసినవారు సభ్యులే.

ముగింపు

జెన్సెన్ మొదట చేయదలచినది చెవికి ఆనించుకొను చిన్న పరికరము. స్పష్టముగా వినవలెనను కోరికనుండి మహాకంఠము పుట్టినది. వినుట ముందు, పలుకుట వెనుక. మన సభలలో కూడ ఈ వరుస నిలిచినచో, వేపకొమ్మకు కట్టిన ఆ బాకా ఊరంతటికి కంఠమగును.

చర్చకు ప్రశ్నలు

1. మన గత గ్రామసభలో చివరి వరుసవారికి తీర్మానములు వినబడినవా? ఎట్లు తెలిసికొంటిమి?

2. ఆ సభలో మైకు ఎందరి చేతికి అందినది? అందు స్త్రీలెందరు?

3. మన ఊరిలో పాఠశాలకు, ఆసుపత్రికి దగ్గరగా బాకాలున్నవా? వాటి వేళలను ఎవరు నిర్ణయించుచున్నారు?

4. తుపాను, వరద, అగ్నిప్రమాదము వంటి ఆపదలలో ఊరందరికి వార్త చేర్చుటకు పంచాయతీ మైకుసెట్టు సిద్ధముగా నున్నదా? విద్యుత్తు పోయినచో బ్యాటరీ కలదా?

5. జెన్సెన్, ప్రిడంలు తమ పరికరము నిరాకరింపబడినప్పుడు ఏమి చేసిరి? మన పంచాయతీ ప్రతిపాదన త్రిప్పిపంపబడినప్పుడు మనము ఏమి చేయుచున్నాము?